ఆరు నెలలు వచ్చిన సన్‌స్క్రీన్ ట్యూబు

ప్రశ్న: అక్కా, నమస్తే. నా వయసు 29. మాది ఒంగోలు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. బండి మీద ఇరవై నిమిషాల దూరం. నాది జిడ్డు చర్మం, బుగ్గల మీద మొటిమలు వస్తుంటాయి. డాక్టర్ రాత్రిపూట రాసుకోమని అడాపలిన్ జెల్ ఇచ్చారు. ఎండకి నల్లబడిపోతున్నానని ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ కొన్నాను. రాసుకుంటే విభూతి పూసుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. చెమట పట్టిందంటే కళ్లు భగ్గున మండుతాయి. 50 గ్రాముల ట్యూబు, ఆరు నెలల నుంచి వాడుతున్నా ఇంకా అయిపోలేదు. పొదుపుగానే వాడుతున్నాను. అయినా నలుపు మాత్రం తగ్గలేదు. ఎస్పీఎఫ్ 100 కొనమంటారా?

మా ఆయన రొయ్యల మేత కంపెనీలో ఫీల్డు పని చేస్తారు, రోజంతా చెరువు గట్ల మీదే. రాసుకోమంటే, పుట్టుకతోనే నలుపు, నాకెందుకివన్నీ అంటారు. మా అత్తయ్యగారికి 54, బుగ్గల మీద మంగు మచ్చలు. మెడికల్ షాపులో ఇచ్చిన తెల్ల క్రీమేదో ఏడాదిగా రాస్తున్నారు. రాస్తే తగ్గుతుంది, మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. ఆవిడ గడప దాటరు, ఆవిడకీ సన్‌స్క్రీన్ కావాలా? మా బాబు మూడో తరగతి, సెలవులొస్తే పొద్దస్తమానం క్రికెట్టే. నలుగురికీ ఒక్క ట్యూబు సరిపోదా? అన్నట్టు, శనగపిండిలో నిమ్మరసం కలిపి రాస్తే నలుపు విరుగుతుందని మా తోటి టీచర్ చెప్పింది. నిజమేనా?

ఓ చెల్లెలు, ఒంగోలు

సమాధానం: చెల్లెమ్మా, నువ్వు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. 50 గ్రాముల ట్యూబు ఆరు నెలలైనా అయిపోలేదన్నావు చూడు, అక్కడ. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డాను. సన్‌స్క్రీన్ పనిచేయడం లేదని ట్యూబు వెనక్కి తెచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలోకి తీసుకోగానే సంగతి తెలిసిపోయేది. ట్యూబు ఇంకా బరువుగా ఉండేది.

లెక్క చెప్తాను విను. పెట్టె మీద వేసే ఎస్పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె కోసం పరీక్ష చేసేటప్పుడు చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము పట్టిస్తారు. ఆ లెక్కన ముఖానికీ, మెడ ముందు భాగానికీ కలిపి పూటకి ఒక గ్రాము పైన కావాలి. 1.2 అనుకుందాం. రోజుకి ఒక్కసారి రాసుకున్నా 50 గ్రాములు నలభై రోజుల్లో ఖాళీ అవ్వాలి. నువ్వు నూట ఎనభై రోజులు లాగావు. అంటే రోజుకి పావు గ్రాము చిల్లర. నలుగురికి పెట్టే టీలో ఒక్కరికి సరిపడా పొడి వేసి, ఈ పొడిలో రంగు లేదు, రుచి లేదు అనడం లాంటిదిది. పావు వంతు రాసుకున్న ముఖం మీద 50 అన్న అంకె 50గా పనిచేయదు, అందులో చిన్న ముక్కగా పనిచేస్తుంది. నువ్వు ఎస్పీఎఫ్ 100 కొని అదే పొదుపుతో వాడినా కథ మారదు.

సరిగ్గా ఎంతో చూపిస్తాను. చూపుడు వేలు, నడిమి వేలు పక్కపక్కన పెట్టు. రెండు వేళ్ల మొదలు నుంచి కొస దాకా ట్యూబులోంచి రెండు గీతలు తీయి. అది ముఖానికీ, మెడకీ. పల్చటి ఫ్లూయిడ్ అయితే వేలి మీద నిలవదు, టీస్పూనులో పావు కంటే కాస్త ఎక్కువ అనుకో. మొదటిసారి చూసినప్పుడు ఇంతా అనిపిస్తుంది. ఒకేసారి పులమకు. సగం తీసి నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి పరుచుకో. వెళ్లి చీర కట్టుకో. కుచ్చిళ్లు సర్దుకుని వచ్చేసరికి అది ఆరుతుంది, అప్పుడు మిగతా సగం. చెవులు, మెడ వెనక భాగం మర్చిపోవద్దు. జుట్టు పైకి ముడి వేసుకునేవాళ్లకి అక్కడే ముందు నల్లబడుతుంది. బయల్దేరడానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు ఇదంతా అయిపోవాలి.

ఇంత వాడితే ఖర్చు కదా అంటావు. 450 రూపాయల ట్యూబు నలభై రోజులు వస్తే రోజుకి పదకొండు రూపాయల చిల్లర, ఒక టీ ఖరీదు. అందుకే 900 పెట్టి కొన్నది గీసి గీసి వాడేకంటే 300 పెట్టి కొన్నది చెయ్యారా వాడటం మేలు. ధరలో సువాసనకీ, అట్టపెట్టెకీ, ప్రకటనకీ పోయేదే చాలా ఉంటుంది.

ఎస్పీఎఫ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సరిగ్గా రాసుకుంటే, చర్మాన్ని కమిలించే కిరణాల్లో 30 అన్నది నూటికి సుమారు మూడింటిని లోపలికి వదులుతుంది, 50 అన్నది రెండింటిని, 100 అన్నది ఒకదాన్ని. తేడా అంతే. నేనైతే 50 కొనమంటాను, ఎంత చెప్పినా మనం కాస్త తక్కువే రాసుకుంటాం కాబట్టి. నీకు అంతకంటే ముఖ్యం పక్కన ఉండే పీఏ గుర్తు. ఎస్పీఎఫ్ కొలిచేది ప్రధానంగా యూవీ-బీని, అంటే ఎర్రగా కమిలించేదాన్ని. మన చర్మం ఎర్రబడటం కంటే నల్లబడటమే ఎక్కువ. అందులో యూవీ-ఏకి పెద్ద పాత్ర ఉంది. జపాన్ వాళ్లు 1996లో మొదలుపెట్టిన పీఏ గుర్తు ఆ యూవీ-ఏ కోసమే. ప్లస్సులు ఎన్ని ఎక్కువుంటే అంత రక్షణ, ఎక్కువలో ఎక్కువ నాలుగు. నాలుగు ప్లస్సులున్నది తీసుకో.

ఇక నలుపు తగ్గలేదన్న బాధ. సన్‌స్క్రీన్ తెల్లబరిచే క్రీము కాదమ్మా. కొత్తగా నల్లబడకుండా ఆపుతుంది, ఉన్న నలుపుని తుడిచెయ్యదు. నీ అసలు రంగు ఏదో తెలుసుకోవాలంటే రవిక చెయ్యి పైకి మడిచి భుజం లోపలి వైపు చూసుకో. ఎండ నలుపు విరిగితే అక్కడిదాకా వస్తుంది, అంతకు మించి రాదు. చర్మం పాత పొరలు వదిలించుకుంటూ అక్కడికి చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కొత్త ఎండ తగిలితే మళ్లీ మొదటికే.

నీ చర్మానికి సరిపడేది జెల్ గానీ ఫ్లూయిడ్ గానీ. అట్టపెట్టె మీద మ్యాట్ అని ఉంటే జిడ్డుగా మెరవదని, నాన్-కొమెడోజెనిక్ అని ఉంటే రంధ్రాలు మూసుకుపోకుండా తయారుచేశామని కంపెనీ అంటున్నట్టు. ఆ మాటను పూర్తిగా నమ్మక్కర్లేదు, నమ్మకుండా ఉండక్కర్లేదు. చెవి కింద దవడ మీద మూడు రోజులు రాసి చూడు, అక్కడ పొక్కులు రాకపోతే ముఖానికి వాడు. విభూతిలా తెల్లగా కనిపిస్తోందంటే నీ ట్యూబులో జింక్ ఆక్సైడ్ గానీ, టైటానియం డయాక్సైడ్ గానీ ఎక్కువ ఉండి ఉండాలి. వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడు. అవి మంచి పదార్థాలే, చామనఛాయ మీద తేలిపోతాయి అంతే. రంగు తేలని ట్యూబుల్లో వేరే రకం ఫిల్టర్లు, అంటే కిరణాలని ఆపే పదార్థాలు ఉంటాయి. అవోబెంజోన్, బెమోట్రిజినాల్, ఆక్టోక్రిలీన్ లాంటి పేర్లు కనిపిస్తే ఆ రకమని గుర్తు. వీటిని కెమికల్ సన్‌స్క్రీన్ అంటారు కాబట్టి చెడ్డవని కొందరు భయపెడతారు. జింక్ ఆక్సైడ్ కూడా కెమికలే కదా! కెమికల్ కానిది నేను ఇంతవరకు అమ్మలేదు.

ఇక మంటకి రెండు కారణాలు ఉండొచ్చు, ఎక్కడ ఎప్పుడు మండుతోందో గమనిస్తే ఏదో తెలుస్తుంది. రాసిన వెంటనే ముక్కు పక్కన, పెదవుల మూలల్లో చురచురమంటే అది రాత్రి రాసే అడాపలిన్ పని. ఆ జెల్ మొదటి వారాల్లో చర్మాన్ని ఎండగొడుతుంది, ఆ ఎండిన చోట ఏం రాసినా చురుక్కుమంటుంది. ముఖమంతటికీ కలిపి శనగగింజంత చాలు, కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో వద్దు, పైన మాయిశ్చరైజర్ రాసుకో. అప్పటికీ తగ్గకపోతే రోజు విడిచి రోజు రాయొచ్చా అని మీ డాక్టర్ని అడుగు. అలా కాకుండా బండి మీద వెళ్తుంటేనో, ప్రేయర్లో నిలబడ్డప్పుడో, చెమట పట్టాకే మండితే నుదుటి మీది సన్‌స్క్రీన్ చెమటతో కలిసి కంట్లోకి జారుతున్నట్టు. కనుబొమలు, కనురెప్పలు వదిలేయి, కళ్ల చుట్టూ ఎముక మీద మాత్రం జింక్ ఉన్న స్టిక్ రుద్దుకో. అది మైనంలా ఉంటుంది, అంత తేలిగ్గా జారదు. చెమటని కర్చీఫ్‌తో తుడవకు, అద్దు. మొటిమలకి డాక్సీసైక్లిన్ గుళికలు కూడా వాడుతున్నావేమో చూసుకో. వాటితో ఎండ ఇంకా తొందరగా కమిలిస్తుంది.

నీ దినచర్య ప్రకారం రెండు గంటలకోసారి రాసుకోవాల్సిన పనిలేదని నా అభిప్రాయం. ఆ నియమం ఆరుబయట ఉండేవాళ్లకి, చెమటలో తడిసేవాళ్లకి. పొద్దున బాగా రాసుకుని వెళ్లి, కిటికీకి ఎడంగా క్లాసులో ఉండి, సాయంత్రం అయిదు దాటాక బండెక్కేదానివి. మధ్యాహ్నం గ్రౌండులో డ్యూటీ పడితే, స్పోర్ట్స్ డే ఉంటే అప్పుడు మళ్లీ రాసుకో. రాత్రి మాత్రం ఫేస్‌వాష్‌తో కడుక్కునే పడుకో. జిడ్డు చర్మంవాళ్లకి సన్‌స్క్రీన్ వల్ల మొటిమలు వచ్చాయంటే సగంసార్లు అది కడగని సన్‌స్క్రీనే.

బండి మీద చున్నీ చుట్టుకుంటావనుకుంటాను. పల్చటి తెల్ల నూలు చున్నీలోంచి కిరణాలు బాగానే దూరతాయి. అదే దగ్గర నేత ఉన్న ముదురు రంగుదైతే బాగా ఆపుతుంది. చెమటకి తడిస్తే పల్చటి బట్ట ఇంకా వదులుతుంది. దగ్గర నేత, ముదురు రంగు ఏరుకో, దాని కింద సన్‌స్క్రీన్ మానకు. చేతులకి మాత్రం ట్యూబు ఖర్చు చెయ్యక్కర్లేదు, మోచేతుల దాకా వచ్చే గ్లవుజులు రోడ్డు పక్కన వంద రూపాయలకి దొరుకుతాయి.

ఎండకి వేళ చూసుకోవడంలో మనం ఒక పొరపాటు చేస్తాం. వేడిని బట్టి ఎండని అంచనా వేస్తాం. వేడి రెండున్నర, మూడు గంటలకి ముదురుతుంది. చర్మానికి హాని చేసే కిరణాలు సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఎక్కువ. ఒంగోల్లో అది పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకే. నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే ఆ వేళ జాగ్రత్త పడాల్సిన వేళ. ఇంకో సంగతి తెలుసా, మీ ఊళ్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. ఒకటి మే మొదటి రోజుల్లో, రెండోది ఆగస్టు 10 ప్రాంతంలో. రోహిణీ కార్తె పోయింది, వానలు పడుతున్నాయి, ఇక ట్యూబు అటక మీద పెట్టొచ్చు అనుకునే శ్రావణమాసంలో మబ్బు విడిచిన గంటలో తగిలే ఎండ మే నెల ఎండకి తీసిపోదు. పల్చటి మబ్బయితే అసలు అడ్డే కాదు.

మీ అత్తయ్యగారి దగ్గరికొస్తాను. నన్నడిగితే మీ నలుగురిలో ముందు చూడాల్సింది ఆవిడ సంగతి. రాస్తే తగ్గి, మానేస్తే రెట్టింపయ్యే తెల్ల క్రీము అనగానే నాకు అనుమానం వచ్చింది. ట్యూబు మీద మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. మంగుకి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపి స్టెరాయిడ్ ఉన్న క్రీము చర్మ డాక్టర్లే రాస్తారు, కొన్ని వారాలకి మాత్రం, కళ్లెదుట పెట్టుకుని. ఏడాది పాటు ముఖానికి రాస్తే చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి, ఎండలోకి వెళ్తే చాలు మండుతుంది, లేని మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. చర్మానికి రాసే స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నియమాలు మార్చింది. అంతకుముందు నేను పనిచేసిన షాపులోనూ అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాళ్లం, నేనూ ఇచ్చాను. ఒకావిడ మూడేళ్లు వాడి, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానని ఎర్రగా కందిన ముఖంతో వచ్చి నా ముందు కూర్చున్నాక గానీ నాకు తెలిసిరాలేదు. ఇప్పుడు ఉన్నపళంగా మానేస్తే ఎదురుతిరిగి ఎర్రగా పొంగొచ్చు. అందుకని కొత్త ట్యూబు కొనొద్దు, పాతది పారెయ్యొద్దు. ఆ ట్యూబుని సంచిలో వేసుకుని ఈ వారంలోనే చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఎలా మాన్పించాలో ఆయన చెప్తారు.

గడప దాటరు కదా అన్నావు. వడియాలు పెట్టడానికి, మిరపకాయలు, మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి మేడ మీదికి వెళ్లేదెవరు? సరే, అది వేసవి ముచ్చటే అనుకో. మంగుకి ఎండ ఒక్కటే శత్రువు కాదు. యూవీ-ఏ కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. మన రంగు చర్మంలో కంటికి కనిపించే మామూలు వెలుతురు, అందులోనూ నీలం వైపుది, మంగుని ముదురుస్తుంది. ఫోను వెలుతురుకి భయపడక్కర్లేదు, అది దీనిముందు ఎందుకూ చాలదు. కిటికీ పక్కన కూర్చుని కూరలు తరుక్కునే పగటి వెలుతురే అసలుది. పొయ్యి సెగ కూడా మంచిది కాదంటారు. ఎస్పీఎఫ్ గానీ, పీఏ గానీ ఈ మామూలు వెలుతురుని కొలవవు. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్. ముఖానికి రాసే రంగు క్రీముల్లో గోధుమ రంగు తెచ్చేది అదే. కాబట్టి ఆవిడకి టింటెడ్, అంటే రంగు కలిపిన సన్‌స్క్రీన్ కావాలి. వెనక పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అనే నంబర్లు గానీ ఉండాలి. రంగు ఎంచుకునేటప్పుడు షాపు లైటులో చూడకు, దవడ మీద గీత గీసి, గుమ్మం బయటికి వచ్చి చూడు. ఈ వయసులో నాకేం మేకప్ అని ఆవిడ అంటే, మందని చెప్పు.

ఆ వయసుకి చర్మం పొడిబారి ఉంటుంది, జెల్ పడదు. గ్లిజరిన్ గానీ, సిరమైడ్లు గానీ ఉన్న క్రీము రకం తీసుకో. స్నానం చేసిన తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసి, దాని మీద ఇది. సువాసన లేనిదైతే మేలు, ఇప్పటికే ఆ చర్మం దెబ్బతిని ఉంది కదా. పసుపు రాసుకునే అలవాటుంటే సన్‌స్క్రీన్ రాసే పూట ముఖానికి వద్దు, పాదాలకి రాసుకోమను. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉందేమో కూడా చూడు. ఉంటే మానిపించకు, ఎండకి ఆవిడ చర్మం మరింత సున్నితంగా ఉండొచ్చని డాక్టర్‌కి గుర్తుచెయ్యి, చాలు. డి విటమిన్ తగ్గుతుందని ఎవరైనా అంటే, మేడ మీద చేతులకీ పాదాలకీ తగిలే ఎండ ఉండనే ఉంది.

మా మరిదిగారి వాదనలో సగం నిజముంది. రంగునిచ్చే మెలనిన్ ఎక్కువున్న చర్మానికి పుట్టుకతో కొంత గొడుగు ఉంటుంది. ముదురు నలుపు రంగు ఆఫ్రికా సంతతివాళ్ల పైచర్మాన్ని కొలిస్తే అది సుమారు ఎస్పీఎఫ్ 13తో సమానమని తేలింది. ఎండ వల్ల వచ్చే చర్మ కాన్సర్లు తెల్లవాళ్లతో పోలిస్తే మనవాళ్లలో చాలా తక్కువ, ఆ పేరు చెప్పి ఆయన్ని భయపెట్టకు. కానీ 13 అన్నది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గట్ల మీద తిరిగేవాడికి చాలేది కాదు. చెట్టు నీడ ఉండదు, నెత్తి మీద ఎండ, ఎదురుగా నీళ్ల మీద నుంచి మిలమిల. ఆయన ముఖంలో చెంప ఎముకల మీద, ముక్కు మీద మిగతా ముఖం కంటే ముదురు రంగు పట్టి ఉందో లేదో చూడు. ఇలాంటివాళ్లకి నేను ముందు ట్యూబు చెప్పను, అంచు వెడల్పున్న టోపీ, కాలరున్న పొడుగు చేతుల చొక్కా చెప్తాను. క్యాప్ చెవులనీ మెడ వెనకనీ కాపాడదు. ఆ తర్వాత నీ జెల్లే ఆయనా వాడొచ్చు. గడ్డం ఉంటే క్రీము తెల్లటి పొట్టులా వెంట్రుకల్లో ఇరుక్కుంటుంది, జెల్ ఇరుక్కోదు. రోజూ గీసుకునేవాడైతే గీసుకున్న వెంటనే ఆల్కహాల్ ఉన్న జెల్ మండుతుంది, ఒక్కసారి మండిందంటే మగవాళ్లు ఇక ముట్టుకోరు. రాత్రి గీసుకోమను. ఆయన విషయంలో రెండు గంటల నియమం వర్తిస్తుంది, కనీసం మధ్యాహ్నం భోజనం దగ్గర ముఖం కడుక్కున్నాక ఇంకోసారి రాసుకోమను.

బాబుకి కొత్తది కొనొద్దు. నీకు నచ్చని ఆ విభూతి ట్యూబు వాడికిచ్చెయ్. వెనక జింక్, టైటానియం తప్ప వేరే ఫిల్టర్లు లేకపోతే పిల్లల చర్మానికి అదే నయం. తెల్లగా కనిపిస్తే వాడికి సిగ్గు కూడా ఉండదు, టీవీలో ఫాస్ట్ బౌలర్లు ముక్కు మీద, పెదవుల మీద పూసుకునే తెల్ల జింక్ ఇదేరా అని చెప్పు, రేపటి నుంచి వాడే అడుగుతాడు. ముఖం, చెవులు, మెడ వెనక, మోచేతుల కింద రాస్తే చాలు, మిగతాది టీషర్టు చూసుకుంటుంది. పదకొండు నుంచి మూడు దాకా ఆట ఇంట్లో క్యారమ్స్. ఆరు నెలలు నిండని పసిపిల్లలు ఇంటికి వస్తే మాత్రం వాళ్లకి ఏదీ రాయకూడదు, నీడ, బట్ట, అంతే.

ఇచ్చేముందు ఆ ట్యూబుని ఒకసారి పరీక్షించు. గడువు తేదీ చూడు, మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచిన పన్నెండు నెలల్లో వాడెయ్యాలని. దాన్ని ఎక్కడ దాచావో నువ్వు రాయలేదు. నేను ఒక మే నెలంతా నా ట్యూబుని బండి డిక్కీలో ఉంచాను, దారిలో రాసుకోవచ్చు కదా అని. ఓ రోజు మూత తీసి నొక్కితే ముందు నీళ్లలాంటిది బొటబొటా కారింది, తర్వాత పెరుగు విరిగినట్టు గడ్డలు వచ్చాయి. వేడికి విరిగిపోయింది. అలాంటిది చర్మం మీద సమంగా పరుచుకోదు, ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. నీది కూడా అలా విరిగి ఉంటే మొహమాటం లేకుండా పారెయ్యి.

కాబట్టి ఇంటికి ఒక్క ట్యూబు కుదరదు, రెండు కొను. నీకూ ఆయనకీ ఒక జెల్, అత్తయ్యగారికి ఒక టింటెడ్ క్రీము. మీ ఇద్దరూ వాడితే ఆ జెల్ నెల కూడా రాదు, అప్పుడే సరిగ్గా వాడుతున్నట్టు.

నిమ్మరసం సంగతి. శనగపిండి వరకు ఇబ్బంది లేదు. నిమ్మలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అవి కాలుస్తాయి. అప్పుడే తెలియదు, ఒకటి రెండు రోజులకి ఎర్రగా బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి గోధుమ రంగు మచ్చ నిలిచిపోతుంది. నలుపు విరగడానికి రాసింది కొత్త నలుపు తెచ్చిపెడుతుంది. వేసవిలో రోడ్డు పక్కన సోడాలో నిమ్మకాయలు పిండేవాళ్ల చేతులు, వేళ్ల సందులు ఒకసారి గమనించు. అడాపలిన్ రాసే ముఖానికి అసలే వద్దు. కావాలంటే శనగపిండిలో పెరుగు కలుపుకో, ఆరిపోయేదాకా ఉంచకుండా తడిగా ఉన్నప్పుడే కడిగేసుకో. మీ తోటి టీచర్‌కి కూడా చెప్పు, ఆవిడ ఈపాటికే రాసుకుంటూ ఉండి ఉంటుంది.